అందరూ తొడుక్కున్న కోటు

పిండిమిల్లు పెద్దమ్మకు మెల్లగా మాట్లాడటం చేతకాదు. ఏళ్ళ తరబడి మర పక్కన నిలబడి మాట్లాడిన గొంతు అది. మంచినీళ్ళు కావాలన్నా వీధి చివరికి వినిపిస్తుంది. ఊరి ఆఫీసు గదిలో మర లేదు, ఉన్నదల్లా ఓ ముసలి ఫ్యాను. అయినా ఆవిడ అడిగిన మాటకు బయట సైకిలు తుడుచుకుంటున్న ప్యూను కూడా లోపలికి తొంగి చూశాడు.

"ఫోటో లేకపోతే మనిషే లేడంటారా?"

ప్రెసిడెంటు గారు మెత్తటి మనిషి. ఎవరికీ కాదని చెప్పలేడు, అందుకే కాదని చెప్పాల్సినప్పుడల్లా నిబంధన వెనకాల దాక్కుంటాడు. పెద్ద యుద్ధానికి వెళ్ళిన ఈ ఊరి సిపాయిల పేర్లు రాతి మీద చెక్కించాలని కమిటీ వేశారు. పేరు ఎక్కాలంటే పట్టాళం కాగితమైనా చూపించాలి, లేదా సిపాయి బట్టల్లో దిగిన ఫోటో అయినా ఉండాలి. కాగితాలను చాలా ఇళ్ళలో చెదలు ఎప్పుడో ఆరగించేశాయి. చివరికి మిగిలింది ఫోటో ఒక్కటే. రాతి మేస్త్రీ పదకొండు గీతలు గీసుకుని కూర్చున్నాడు, పదకొండు పేర్లూ సరిపోయాయి, సోమవారం ఉలి పెడతాడు. ప్రెసిడెంటు గారు ఇదంతా పెద్దమ్మకు రెండుసార్లు చెప్పి, మూడోసారి చెప్పబోయి నీళ్ళు తాగాడు.

పెద్దమ్మ కనుబొమల మీద పిండి అలాగే ఉంది. మర ఆపి, చేతులు మాత్రం కడుక్కుని వచ్చినట్టుంది. తన తండ్రి యుద్ధానికి వెళ్ళాడనీ, ఎడమ చెయ్యి పాడై మధ్యలోనే తిరిగొచ్చాడనీ చెప్పింది. కెమెరా కనిపిస్తే గోడవైపు తిరిగిపోయేవాడట ఆ మనిషి. కూతురి పెళ్ళిలో కూడా ఒక్క ఫోటోకు నిలబడలేదట. చెప్పడానికి తన దగ్గరున్నది ఒక్కటే, ఆయన నంబరు. ఉన్నట్టుండి ఎవరైనా పిలిస్తే పేరు బదులు ఆ నంబరే ఆయన నోట్లోంచి వచ్చేదట. చిన్నప్పుడు తను అంకెలు నేర్చుకున్నది కూడా దాంతోనే.

"ఏడు, మూడు, మూడు, తొమ్మిది, సున్నా, ఎనిమిది" అంది గోడకేసి చూస్తూ, పాఠం అప్పజెప్పినట్టు.

నంబరు ఎవరైనా చెప్పొచ్చు కదమ్మా అన్నాడు ప్రెసిడెంటు గారు, చాలా బాధపడుతూ. పక్కనున్న లెక్కల మాస్టారు తల పంకించాడు. పెద్దమ్మ లేచింది. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, ఆ రాయి మీద మీ అందరి తాతలూ చల్లగా ఉండాలి అని దీవించి వెళ్ళిపోయింది. అంతకంటే తిట్టినా బావుండేది.

గదిలో ఓ మూల కూర్చుని ఇదంతా విన్న స్టూడియో పాపే కమిటీ తరఫున ఈ సిపాయిల వివరాలన్నీ సేకరిస్తోంది. పాప అంటే పాపేమీ కాదు, చెవుల దగ్గర జుట్టు తెల్లబడింది. కానీ ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క ఫోటో స్టూడియోలో పుట్టి, ఆ కౌంటరు మీదే పాకి పెరిగింది కాబట్టి ఊరు ఆమెను ఇంకా అలాగే పిలుస్తుంది. ఈ పని ఆమెకు అప్పగించడానికి కెమెరా ఒక కారణం. రెండోది, జాబితాలో మొదటి పేరు ఆమె తాతయ్యదే. స్టూడియో గుమ్మం ఎదురుగా వేలాడే ఆయన పటం తెలియనివాళ్ళు ఊళ్ళో లేరు. సిపాయి కోటు, మెలేసిన మీసం, ఎడమ పిడికిట్లో నల్లటి గుండ్రటి చేతిబాంబు. పాస్‌పోర్టు ఫోటోకు వచ్చిన ప్రతి మనిషికీ నాన్న ఆ బాంబు కథ చెప్పకుండా వదలడు. కథ ఏటా కొంచెం పెరుగుతుంది. పోయిన ఏడాది దాకా పేలని బాంబు, ఈ మధ్యనే పేలడం మొదలుపెట్టింది.

ఆ పని చేపట్టిన దగ్గర్నుంచీ పాప కాళ్ళు నేలమీద నిలవడం లేదు. ఇంటింటికీ వెళ్ళి గోడల మీది పటాలు దింపించి, వెనక మేకులు పీకి, అట్ట తీసి, ఫోటోను రెండు వేళ్ళ మధ్య అంచులు పట్టి బయటికి లాగేది. వంటింట్లోంచి ఓ అత్తయ్య, పెరట్లోంచి ఓ బాబాయి, అందరూ వచ్చి చుట్టూ మూగేవాళ్ళు. ఒకడు ఒంటెను తోలాడని, ఒకడు ఓడలో వంట చేశాడని, ఒకడు తిరిగే రాలేదని చెప్పేవాళ్ళు. తిరిగిరాని వాడి చెల్లెలు ఇంకా బతికే ఉంది. ఆవిడ అన్నయ్య ఫోటోను పాప చేతికిచ్చి, ఇచ్చిన చెయ్యి వెనక్కి తీసుకోకుండా అలాగే చాపి కూర్చుంది. పాప అక్కడే కిటికీ వెలుగులో కాపీ తీసి, ఆ చేతిలో పెట్టేసి వచ్చింది.

పెద్దమ్మ దీవించి వెళ్ళిన మర్నాడు పొద్దున్నే పాప స్టూడియో వెనక గదిలో కూర్చుని, తెచ్చిన కాపీలన్నీ కంప్యూటరులో పెద్దవి చేసి మరకలు తుడుస్తోంది. ఒక ఫోటోలో ఎడమ మోచేతి కింద చిన్న నల్ల గీత కనిపించింది. వెంట్రుక పడిందనుకుని తుడవబోయి, ఇంకొంచెం పెద్దది చేసింది. వెంట్రుక కాదు, కుట్టు. చిరిగినచోట అడ్డంగా ఏడెనిమిది పోగులు వేసి, చివర ముడి వేసి, మళ్ళీ వెనక్కి కుట్టారు. బాగానే కుట్టారే అనుకుని తర్వాతి ఫోటోకు వెళ్ళింది. అందులోనూ ఎడమ మోచేతి కింద అదే కుట్టు, అదే ముడి.

ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. మూడో ఫోటో, నాలుగో ఫోటో. మనుషులు మారుతున్నారు, మీసాలు మారుతున్నాయి, కోటు మారడం లేదు. మెడ కింద రెండో గుండీ కూడా ఏ ఫోటోలోనూ లేదు. సన్నగా ఉన్నవాడి మీద వదులుగా వేలాడుతోంది, ప్రెసిడెంటు గారి తాత లావు, గుండీలు పట్టక చేతులు కట్టుకుని కప్పేశాడు. పాపకు నవ్వు ఆగలేదు. ఒక్కతే గదిలో కూర్చుని కడుపు పట్టుకుని నవ్వింది. ఊరంతా ఒకే కోటు తొడుక్కుని యుద్ధానికి వెళ్ళింది.

నవ్వు తగ్గాక విషయం అర్థమైంది. పట్టాళంలో చేరిన కుర్రాళ్ళకు బట్టలు ఇచ్చేది ఎక్కడో దూరాన, రైలు దిగాక. వెళ్ళేముందు ఇంట్లో ఓ ఫోటో ఉండాలని తల్లులు స్టూడియోకు తీసుకొచ్చి ఉంటారు. తాతయ్య తన దగ్గరున్న కోటు తొడిగి నిలబెట్టి ఉంటాడు. వీళ్ళలో చాలామంది వెళ్ళినట్టు వేరే ఆధారాలు పాప దగ్గర ఉన్నాయి, ఫోటోలు అబద్ధం కావు. కానీ ఆ కోటుంటే సిపాయి, లేకపోతే కాదు అన్న నిబంధన మాత్రం శుద్ధ తప్పు. ఆ తప్పుతోనే నిన్న పెద్దమ్మను బయటికి పంపారు.

కౌంటరు దగ్గర నాన్న ఒక కుర్రాడి గడ్డం పైకెత్తి, కిందికి దించి, మళ్ళీ పైకెత్తి తంటాలు పడుతున్నాడు. వాడు వెళ్ళేదాకా ఆగి, ఆ కోటు ఎవరిదని అడిగింది పాప. ఎవరిదేమిటి, మీ తాతయ్యదే, యుద్ధం నుంచి తెచ్చుకున్నాడు అన్నాడు నాన్న. ఆ మాటతో పాటు చెయ్యి పటం వైపు వెళ్ళింది, బాంబు కథ మొదలు కాబోతోందని కనిపెట్టి పాప అటక ఎక్కేసింది.

అటక మీద చెక్కపెట్టెల్లో తాతయ్య కాలం నాటి గాజు ప్లేట్లు గాడుల్లో నిలబెట్టి ఉన్నాయి. అప్పట్లో ఫిల్ము లేదు, గాజు పలక మీదే బొమ్మ పడేది. తాతయ్య జాగ్రత్తపరుడు, ప్రతి ప్లేటు అంచునా సూదితో నెల, సంవత్సరం గీకేవాడు. పాప ఒక్కొక్కటీ తీసి చూరు సందులోంచి పడే ఎండకు అడ్డంగా పట్టుకుని చూసింది. తలకిందులైన రంగుల్లో తెల్ల మీసాలు, నల్ల మొహాలు. ఒక్కొక్కరినీ గుర్తుపడుతుంటే ఆమె ఒళ్ళు పులకరించింది. ఒంటెవాడు ఇక్కడ, ఓడ వంటవాడు ఇక్కడ. ఆ పెట్టె అయ్యాక ఇంకో పెట్టె లాగింది. అందులో తాతయ్య ప్లేటు దొరికింది.

గుమ్మంలో వేలాడే పటం చెక్కచట్రానికి సరిపోయేలా నడుము దాకా కత్తిరించింది. ప్లేటులో మాత్రం కాళ్ళ దాకా ఉంది. ఎడమ పిడికిట్లో బాంబు కూడా ఉంది. ఆ బాంబు కిందనుంచి సన్నటి గొట్టం ఒకటి మొదలై, మోకాలి పక్కగా జారి, నేలమీద మెలికలు తిరుగుతూ ప్లేటు అంచు దాటిపోయింది, కెమెరా వైపు.

పాప ప్లేటును మళ్ళీ ఎండకు ఎత్తి పట్టుకుంది. రబ్బరు బల్బు. పాత కెమెరాలకు గొట్టం చివర ఉండే గుండ్రటి బల్బు, నొక్కితే ఫోటో పడుతుంది. దూరంగా నిలబడి తన ఫోటో తనే తీసుకోవాలంటే దాన్ని పిడికిట్లో దాచుకోవాలి. పాప చిన్నప్పుడు అలాంటి దాన్ని నొక్కి నొక్కి దెబ్బలు కూడా తింది. తరాల తరబడి ఫోటోలే తిని బతికిన కుటుంబం, ఇంట్లో వస్తువును పట్టుకుని బాంబు అనుకుంది.

ఆమె మళ్ళీ పెట్టెల దగ్గరికి వెళ్ళింది. ఈసారి మొహాలు చూడలేదు, అంచులు మాత్రమే చూసింది. యుద్ధం మొదలైన ఏడాది నుంచి ముగిసిన ఏడాది దాకా, నెల తప్పకుండా తాతయ్య చేతి గీతలు ఉన్నాయి. ఊరు వదిలి వెళ్ళిన మనిషి కాదు. వెళ్ళేవాళ్ళందరినీ నిలబెట్టి ఫోటోలు తీస్తూ, కెమెరా వెనక ఇక్కడే ఉన్నాడు. కోటు తొడుక్కున్న అందరి గురించీ అడిగిన ఊరు, ఫోటో తీసింది ఎవరని అడగలేదు.

ఆమెకు దిగులు పట్టుకుంది. తాతయ్య పేరు పోతుందని కాదు, నాన్నకు ఎలా చెప్పాలి అని. కిందనుంచి ఆయన గొంతు వినిపిస్తోంది. ఎవరో కొత్త మనిషి వచ్చినట్టున్నాడు, బాంబు అప్పుడే పేలింది.

మరి ఆ కోటు ఎవరిది?

ఆ ప్రశ్నతోనే ఆమె మిల్లుకు పరిగెత్తింది. పరిగెత్తడమే, చెప్పులు కూడా కుడిఎడమలు మారిపోయాయి. ఎడమ చెయ్యి పాడై మధ్యలోనే తిరిగొచ్చాడని పెద్దమ్మ నిన్న అన్న మాట అటక దిగుతుంటే గుర్తొచ్చింది. కుట్టు ఉన్నది ఎడమ చేతికే.

మిల్లులో తెల్లటి పొగలా పిండి లేచి ఉంది. మర ఆడుతోంది. పెద్దమ్మ ఒక చేత్తో గంపలోంచి గింజలు తోస్తూ, ఇంకో చేత్తో కింద సంచిలో పడే పిండి వేడిని తడిమి చూస్తోంది. పాపను చూసి మొహం తిప్పుకుంది. కమిటీ వాళ్ళకు ఇక్కడ పిండి ఆడించబడదు అని అరిచింది. పాప వెళ్ళి గంప రెండో వైపు పట్టుకుంది. గింజలన్నీ అయ్యేదాకా పట్టుకునే ఉంది. మర ఆగాక, ఆ నిశ్శబ్దంలో, మీ నాన్నగారి చేతికి ఏమైందో చెప్పు పెద్దమ్మా అంది.

పెద్దమ్మ ముందు చెప్పనంది. తర్వాత గోనెసంచుల మీద కూర్చుని, మరకు అవతలున్న మనిషికి చెబుతున్నట్టే గట్టిగా చెప్పింది. ఇనప ముక్క తగిలి మోచేతి కింద చీరుకుపోయిందట. కట్టు కట్టి, ఇక పనికిరావని ఇంటికి పంపేశారట. వచ్చిన రోజునే అమ్మ కోటు చిరుగు చూసి కుట్టడానికి కూర్చుంది. ఇంట్లో ఉన్నది ఎర్రదారం ఒక్కటే.

"ఖాకీ మీద ఎర్రదారం ఏమిటే, నెత్తురు కారుతున్నట్టు, అని మా నాన్న కేకలేశాడట. కాసేపటికి ఆయనే నవ్వాడట. వచ్చాక నవ్వింది ఆ ఒక్కసారే అని మా అమ్మ ఎప్పుడూ చెప్పేది. వారం తిరగకుండా ఆ కోటు ఎవరికో ఇచ్చేశాడు. ఎవరికని అడిగితే, పోయేవాళ్ళకి పనికొస్తుంది అన్నాడట."

పాప ఫోను తీసి, ఒంటెవాడి మోచేతిని పెద్దది చేసి పెద్దమ్మ మొహం ముందు పెట్టింది. పెద్దమ్మ పిండి చేతుల్ని చీరకు తుడుచుకుని, ఫోను దూరంగా పట్టుకుని, దగ్గరికి తెచ్చుకుని, చాలాసేపు చూసింది. అడ్డంగా పోగులు, చివర ముడి, మళ్ళీ వెనక్కి. ఆమె పెదవులు కదిలాయి. తర్వాత ఫోను తిరిగి ఇచ్చేసింది.

"మా అమ్మ ఇలాగే ముడేసేది. కానీ ఇది కాదు పిల్లా. ఇది నల్లదారం."

అవును, నల్లగానే ఉంది. ప్రతి ఫోటోలోనూ నల్లగానే ఉంది. పాప గాలి తీసేసిన బుడగలా అయిపోయింది. సరే పెద్దమ్మా అని లేచి, గుమ్మం దాకా వచ్చి, వీధిలో కాలు పెట్టింది. ఎదురుగా బట్టల కొట్టు మీద ఎర్ర బోర్డు ఎండలో మెరుస్తోంది. ఎరుపు. స్టూడియో వెనక చీకటి గదిలో ఎప్పుడూ వెలిగే చిన్న ఎర్ర బల్బు కళ్ళముందు మెదిలింది. తనకు పని నేర్పుతూ నాన్న మొట్టమొదట చెప్పిన మాట కూడా: పాత ప్లేట్లకు ఎరుపు కనబడదు, అందుకే ఎర్ర లైటు కింద కడుగుతాం.

ఎరుపు కనబడని ప్లేటుతో తీసిన ఫోటోలో ఎరుపు నల్లగానే పడుతుంది.

ఆమె వెనక్కి ఎంత వేగంగా వచ్చిందంటే పెద్దమ్మ భయపడి లేచి నిలబడింది. ఎర్రదే పెద్దమ్మా, అది ఎర్రదే, అని పాప రెండుసార్లు అంది. ఎరుపు ఎందుకు నలుపు అవుతుందో వివరంగా చెప్పింది కానీ పెద్దమ్మ అదేమీ వినలేదు. ఫోను మళ్ళీ లాక్కుని, ఆ కుట్టు మీద బొటనవేలు పెట్టి, తుడిచినట్టు అటూ ఇటూ రాసింది. తెర మీద పిండి అంటుకుంది.

"ఏదీ కోటు?" అంది చివరికి. ఎంత చిన్న గొంతుతో అందంటే, ఆవిడే అన్నదని పాపకు వెంటనే తెలియలేదు.

దానికి సమాధానం తెలిసిన మనిషి పాప నాన్న ఒక్కడే, ఆయనకు బాంబు సంగతి చెప్పకుండా కోటు సంగతి అడగడం కుదరదు.

మధ్యాహ్నం భోజనాల వేళ స్టూడియో తలుపు దగ్గరగా వేసి, పాప తాతయ్య ప్లేటును తెల్ల అద్దం బల్ల మీద పెట్టి, కింద లైటు వేసింది. నాన్నను పిలిచింది. ఆయన కళ్ళజోడు నుదుటి మీదినుంచి దించుకుంటూ వచ్చి, అబ్బ, నాన్న ప్లేటు ఎక్కడ దొరికిందే అని మురిసిపోయాడు. మీసం చూశాడు, టోపీ చూశాడు. వేలు గాజుకు తగలకుండా పైపైన కదుపుతూ పిడికిలి దాకా వచ్చి, అక్కడ ఆగాడు. వేలు గొట్టం వెంట మోకాలి దాకా జారింది, నేలమీద మెలికలు తిరిగింది, అంచు దగ్గర ప్లేటు దిగిపోయింది.

పాప అంచుల మీది నెలల సంగతి కూడా అప్పుడే చెప్పేసింది, దాస్తే తర్వాత ఇంకా కష్టమని.

"ముప్పై ఏళ్ళు నేనూ అదే బల్బు నొక్కాను" అన్నాడు నాన్న. "ఈ చేత్తోనే."

పెదవుల చివర నవ్వు లాంటిది ఒకటి వచ్చింది, నిలవలేదు. కుర్చీలో కూర్చుని కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు, అది శుభ్రంగానే ఉన్నా. తాతయ్య ఎప్పుడూ తను యుద్ధానికి వెళ్ళానని చెప్పలేదట. నాన్నే చిన్నప్పుడు ఆ పటం చూసి బడిలో చెప్పాడట. ఇంటికొచ్చి అడిగితే తాతయ్య నవ్వి ఊరుకున్నాడట. పిల్లాడి ముచ్చట ఎందుకు పాడుచెయ్యాలి అనుకుని ఉంటాడు. ఆ ముచ్చటే ఇప్పుడు రాయెక్కబోతోంది.

ఎవరికీ చెప్పొద్దంటాడేమోనని పాప భయపడింది. అనడానికి ఆయనకు హక్కుందని కూడా ఆమెకు అనిపించింది. రాతి మీద మొదటి గీత అది, రాయి తెరిచే రోజుకు వేసుకోవడానికి కొత్త చొక్కా కూడా కుట్టించుకున్నాడు. అందుకే మిగతాది గబగబా, ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. కుట్టు, ఎర్రదారం, పెద్దమ్మ తండ్రి ఎడమ చెయ్యి, పోయేవాళ్ళకి పనికొస్తుందన్న మాట.

నాన్న వింటూ వింటూ చీకటి గది తలుపు వైపు చూశాడు. లేచి వెళ్ళి, లోపలి మేకుకు వేలాడుతున్న చీకటి సంచి తీసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. వెలుతురు తగలకుండా ఫిల్ము మార్చడానికి వాడే నల్లసంచి అది. మూతికి రెండు వరసల గుండీలు, పక్కన రెండు పొడుగాటి చేతులు. వస్తువులు లోపల పెట్టి మూతి బిగించి, ఆ చేతుల్లోంచి మన చేతులు దూర్చి, కళ్ళు మూసుకుని తడుముకుంటూ పని చెయ్యాలి. పాప దాంట్లో చేతులు పెట్టే ఈ విద్య నేర్చుకుంది. మొదట్లో భుజాల దాకా దూరిపోయేవి.

"కోటు గుండీలన్నీ ఊడిపోయాక మీ నాయనమ్మ దీన్ని కుట్టింది. మెడ మూసేసి, లోపలా బయటా నల్లగుడ్డ వేసింది. నేను పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించాను" అన్నాడు నాన్న.

పాప సంచి ఎడమ చెయ్యి పట్టుకుని, మోచేతి కింద గట్టిగా తడిమింది. నల్లగుడ్డ కింద ఎగుడుదిగుడుగా ఏదో తగిలింది. ఇన్నేళ్ళూ ఆ గరుకు తగులుతూనే ఉంది, గుడ్డ ముడత అనుకునేది. కత్తెర కోసం చెయ్యి చాపింది. నాన్న కత్తెర పక్కకు జరిపేశాడు.

"ఇక్కడ కాదు. ఇక్కడ విప్పితే మనమే ఏదో చేశామంటారు. అందరిముందూ విప్పుదాం. మిల్లు అక్కను కూడా పిలువు."

ఆదివారం పొద్దున ఊరి ఆఫీసులో కుర్చీలు చాలలేదు. సంగతి ఎలా పాకిందో పాకింది, కిటికీల దగ్గర కూడా జనం. రాతి మేస్త్రీ కూడా వచ్చి గోడకానుకుని నిలబడ్డాడు, ఏ పేర్లు చెక్కాలో ఆఖరిసారి అడిగి పోదామని. పెద్దమ్మ ఈసారి మొహం కడుక్కుని, ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. పిండి లేకపోయేసరికి చాలామంది గుర్తుపట్టలేదు. పాప ఫోటోల మోచేతులన్నీ ఒకే కాగితం మీద వరసగా అచ్చు తీసి అందరికీ పంచింది. గదిలో మొదట నవ్వులు లేచాయి. తర్వాత ప్రెసిడెంటు గారు తన తాత మోచేతిని గుర్తుపట్టి నోరెళ్ళబెట్టాడు. తాత పట్టాళం కాగితం ఇంట్లో భద్రంగా ఉందని పాప ఆయన చెవిలో చెప్పాక గానీ మళ్ళీ ఊపిరి పీల్చలేదు.

నాన్న సంచిని బల్ల మీద బోర్లా పరిచాడు. లోపల ఏముందో తనకు తెలియదని, ఉంటే అందరికీ కనిపిస్తుందని, లేకపోతే లేదని చెప్పాడు. లెక్కల మాస్టారు పెద్దమ్మ వైపు తిరిగి నంబరు ఇంకోసారి చెప్పమన్నాడు. ఆవిడ చెప్పింది. మొన్న కూడా ఇదే చెప్పింది, నంబర్లు నాకు ఒకసారి వింటే పోవు, అన్నాడాయన, కొంచెం తలదించుకుని.

పాప కత్తెర మొన నల్లగుడ్డ కిందికి దూర్చి, నాయనమ్మ వేసిన కుట్లు ఒక్కొక్కటే తెంపింది. గుడ్డ చివికిపోయి దానంతటదే చిరిగింది. ఎడమ మోచేతి కింద ఖాకీ బయటపడింది. దాని మీద అడ్డంగా ఏడెనిమిది పోగులు, చివర ముడి. వెలుతురు చూడక రంగు పోలేదు. ఎర్రగా, నిన్న కుట్టినట్టు ఉంది.

పెద్దమ్మ ముందుకు వచ్చింది కానీ ముట్టుకోలేదు.

కుట్టు ఒక్కటే చాలదని పాపకు తెలుసు. దారం ఎవరైనా ఎర్రది వాడొచ్చు అనే మనిషి ఒకడైనా ఉంటాడు. ఆమె కోటు తిప్పి మెడ దగ్గర విప్పడం మొదలుపెట్టింది. అక్కడ నాయనమ్మ మూడు పొరలు కుట్టింది, కత్తెర జారుతోంది. నాన్న పక్కన నిలబడి గుడ్డ లాగి పట్టుకున్నాడు. చివరి పొర విడిపోయి లోపలికి మడిచిన కాలరు బయటికి వచ్చింది. కాలరు వెనక మాసిన తెల్ల ముద్ర. సగం అరిగిపోయింది, సగం గట్టిగా ఉంది.

లెక్కల మాస్టారు కళ్ళజోడు సరిచేసుకుని వంగాడు. చివరి అంకె కనబడటం లేదని ముందే చెప్పి, పైకి చదివాడు.

"ఏడు. మూడు. మూడు. తొమ్మిది. సున్నా."

కిటికీ దగ్గర ఎవరో చప్పట్లు కొట్టారు, దాంతో గదంతా కొట్టింది. ప్రెసిడెంటు గారు లేచి పెద్దమ్మకు చేతులు జోడించాడు. ఆవిడ ఆయన్ను చూడలేదు. కోటును బల్ల మీదినుంచి తీసి, ఎడమ చేతిని తన చెంపకు ఆనించుకుంది. చీకటి గది మందు వాసన వేస్తోంది అంది, ఎప్పటిలాగే గట్టిగా. అందరూ నవ్వారు, ఆవిడ మాత్రం ఏడుస్తోంది.

అంతా సర్దుమణిగాక అసలు చిక్కు బయటపడింది. రాతి మీద పదకొండు గీతలే ఉన్నాయి. పన్నెండోదానికి చోటు లేదు, చివరన ఇరికిస్తే అసహ్యంగా ఉంటుందని మేస్త్రీ ఖచ్చితంగా చెప్పేశాడు. ఇంకో రాయి తెప్పిద్దామని ఒకరు, వెనకవైపు చెక్కిద్దామని ఒకరు. వెనకవైపు అనగానే పెద్దమ్మ ఒంటికాలి మీద లేచింది. పాప నాన్న వైపు చూడలేదు. నిన్నటినుంచీ ఆమె ఆయన్ను ఒక్కమాట కూడా అడగలేదు.

నాన్న మాస్టారి ముందున్న జాబితా తన వైపు తిప్పుకున్నాడు. జేబులోంచి పెన్ను తీసి, మొదటి పేరు మీద అడ్డంగా ఒక గీత గీశాడు.

"మా నాన్న అప్పుడు ఇక్కడే ఉన్నాడు. ఫోటోలు తీస్తూ" అన్నాడు. "చేతిలో ఉన్నది కెమెరా బల్బు. బాంబు కాదు."

ఎవరూ నవ్వలేదు. నవ్వుతారేమోనని పాప పిడికిళ్ళు బిగించుకుని ఉంది. బాంబు కథ విననివాళ్ళు ఆ గదిలో ఒక్కరు కూడా లేరు. మొదట మాట్లాడింది పెద్దమ్మే.

"మంచిదే తమ్ముడూ. మీ నాన్న ఇక్కడ లేకపోతే మా నాన్న ఆ కోటు ఎవరి చేతిలో పెట్టేవాడు? వీళ్ళ మొహాలు ఎవరు దాచేవాళ్ళు?"

నాన్న తల ఊపి, పెన్ను మూత పెట్టబోయి, రెండుసార్లు పెట్టలేకపోయాడు. పాప అందుకుని పెట్టింది. సాయంత్రం గుమ్మంలోని పటం దింపుతానంటే ఆయనే వద్దన్నాడు. ప్లేటు నుంచి మొత్తం బొమ్మ కొత్తగా అచ్చు తీయించి, పెద్ద చట్రం కట్టించాడు, గొట్టం కనిపించేలాగా. ఇకమీదట ఆ కథే చెబుతానన్నాడు. ఇది కూడా ఏటా పెరుగుతుందని పాపకు అనుమానం.

సోమవారం పొద్దున మేస్త్రీ రాయి ముందు గోనెపట్టా పరుచుకుని, ఉలికి నూనె పూసి, సుద్దముక్క చేతిలోకి తీసుకున్నాడు. పెద్దమ్మ మర మూసేసి వచ్చి ఎదురుగా కూర్చుంది. కోటు ఒళ్ళో ఉంది. పాప కెమెరా పట్టుకుని పక్కన నిలబడింది. మొదటి గీత ఖాళీ అయింది కాబట్టి మొదటి పేరు పెద్దమ్మ తండ్రిదే కావాలని జాబితాలోని మిగతా ఇళ్ళవాళ్ళే తేల్చేశారు.

మేస్త్రీ వెనక్కి తిరగకుండా అడిగాడు.

"చెప్పమ్మా, నాన్నగారి పేరు."

పెద్దమ్మ నిటారుగా కూర్చుంది. నోరు తెరిచింది. వీధి చివరిదాకా వినిపించేలా, "ఏడు, మూడు, మూడు, తొమ్మిది, సున్నా, ఎనిమిది" అంది.

మేస్త్రీ సుద్ద ఆపి వెనక్కి చూశాడు. అది పేరు కాదేమోనమ్మా అన్నాడు నెమ్మదిగా. పెద్దమ్మ కూడా అప్పుడే ఆ సంగతి తెలిసినట్టు కోటు చేతిని ఒళ్ళో సరిచేసుకుంది.

"ముందు అది రాయి బాబూ. పిలిస్తే ఆయన అదే చెప్పేవాడు. పేరు తర్వాత చెబుతాను."

మేస్త్రీ రాయి వైపు తిరిగి, మొదటి గీత మీద ఏడు అంకె వేశాడు.